బరువు మీద బిగించాలి

కార్లకి బుష్‌లు అని ఉంటాయని మీలో ఎంతమందికి తెలుసు? ఈ వేసవి దాకా ఆ మాట మా ఇంట్లో గాల్లో తిరుగుతూ ఉండేది కానీ నా చెవికి ఎక్కేది కాదు. ఇప్పుడైతే చేతిలో పెడితే చాలు, ఇది రబ్బరుదా, పాలీదా, బాగుందా, పోయిందా చెప్పేస్తాను. ఇంటి కబుర్లు రాసుకునే చోట ఈ గోలేంటి అనుకోకండి. చివరిదాకా వస్తే ఇదీ ఇంటి కబురే అని మీకే తెలుస్తుంది.

ముందు బుష్ అంటే ఏంటో చెప్తాను. కారు చక్రాన్ని బాడీతో కలుపుతూ ఇనప చేతులు ఉంటాయి. గుంట వస్తే చక్రం పైకి లేవాలి, మళ్లీ దిగాలి. అందుకని ఆ చేతులు ఒక చివర తలుపు బందులా ఆడుతూ ఉండాలి. ఇనుము నేరుగా ఇనుముకి తగిలితే చప్పుడు, అరుగుదల, ప్రతి కుదుపూ నడుముకే. అందుకే మధ్యలో అరచేతిలో పట్టే రబ్బరు ముక్క ఒకటి పెడతారు. అదే బుష్. మన కుక్కర్ గ్యాస్కెట్ లాంటిదే అనుకోండి. బాగున్నంత కాలం అదొకటి ఉందని ఎవరికీ గుర్తుండదు. పోయాకే విజిల్ రాదు.

మావారి కారు సంగతి పాత పాఠకులకి తెలుసు. 1972 నాటి ఎంజీబీ జీటీ, రెండు తలుపుల స్పోర్ట్స్ కారు. హైదరాబాద్ రోడ్ల మీద మీరు ఇప్పుడు చూస్తున్న ఎంజీ హెక్టర్‌కి ఉన్న పేరే దీనిదీ. మోరిస్ గ్యారేజెస్ అన్న పేరులోంచి వచ్చిన అక్షరాలవి. ఇప్పుడా పేరు చైనా కంపెనీది. అప్పట్లో మాత్రం ఈ కార్లు మేముండే రెడింగ్‌కి పాతిక మైళ్ల దూరంలో, అబింగ్డన్ అనే చిన్న ఊళ్లో తయారయ్యేవి. 1962 నుంచి 1980 దాకా ఐదు లక్షలకి పైగా చేశారు. 1980లో ఫ్యాక్టరీ మూసేశారు. 1798 సీసీ ఇంజను, ముందు ఇద్దరు కూర్చోవచ్చు. వెనక సీటు అని పేరుకొకటి ఉంది, అందులో కూరగాయల సంచీ అయితే హాయిగా పడుతుంది.

పోయిన శీతాకాలం నుంచి ఆ కారు ముందు భాగంలో ఒక చప్పుడు మొదలైంది. గుంటలో పడితే టక్. బ్రేకు వేస్తే టక్. తిన్నటి రోడ్డు మీద కూడా కారు కాస్త అటూ ఇటూ ఊగినట్టుండేది. మావారు ప్రతిసారీ "పాత కారు కదా" అనేవారు. ఇక్కడ మామూలు కార్లకి ఏటా ఎంఓటీ అని ఒక పరీక్ష ఉంటుంది. బుష్‌లు అరిగితే వాళ్లే పట్టుకుంటారు. కానీ 40 ఏళ్లు దాటిన కార్లకి, పెద్ద మార్పులేవీ చేయకుండా ఉంటే, 2018 మే నుంచి ఆ పరీక్ష తప్పనిసరి కాదు. బండి రోడ్డు మీదకి తగినట్టు ఉందా లేదా చూసుకునే పూచీ మాత్రం యజమానిదే. అంటే చూసేవాళ్లు లేరు, చూసుకోవాల్సింది మనమే. పెద్దవాళ్ల విషయంలో కూడా ఇంతే కదా అని ఇప్పుడు రాస్తుంటే అనిపిస్తోంది.

జనవరిలో మా అత్తయ్యగారు పోయారు. వారం రోజుల జ్వరం, ఆసుపత్రిలో మూడు రోజులు, అంతే. మేము తెనాలి చేరేసరికి అన్నీ అయిపోయాయి. పెద్దకర్మ నాడు సాయంత్రం, చుట్టాలు ఇంకా వెళ్లకముందే, వసారాలో కుర్చీలు వేసుకుని కూర్చుని మావయ్యగారి సంగతి తేల్చేశారు. ఒక్కరే ఎలా ఉంటారు? ఆరు నెలలు మా దగ్గర, ఆరు నెలలు బెంగళూరులో మా ఆడపడుచు దగ్గర. విజిటర్ వీసా మీద ఇక్కడ ఒకసారికి 6 నెలలకి మించి ఉండనివ్వరు కాబట్టి లెక్క కూడా సరిగ్గా సరిపోయింది. తెనాలి ఇల్లు మొత్తం అద్దెకిచ్చేద్దాం. ఎవరో పెదనాన్నగారు "మంచి నిర్ణయం" అన్నారు. మావయ్యగారు తల ఊపారు. ఆ పన్నెండు రోజులూ ఏం అడిగినా ఆయన తల ఊపుతూనే ఉన్నారు, కాఫీ ఇవ్వనా అన్నా, ఇల్లు అద్దెకిద్దామా అన్నా.

రెండు నెలలు బెంగళూరులో ఉండి, ఏప్రిల్ మొదట్లో మా దగ్గరికి వచ్చారు.

మావయ్యగారు ఆర్టీసీలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. మాటలు తక్కువ. మావారికీ ఆయనకీ మధ్య గొడవలేమీ లేవు, మాటలే లేవు. ఇంతకుముందు ఫోన్ చేస్తే "ఉండు, మీ అమ్మకిస్తా" అనేవారు, అంతే. ఆ 'మీ అమ్మ' పోయాక ఆ చోటు నాకు వచ్చింది. "అమ్మాయ్, వాడు ఎన్నింటికి వస్తాడు?" అని ఈయన నన్ను అడుగుతారు. "నాన్న మందులు వేసుకున్నాడా?" అని ఆయన నన్ను అడుగుతారు. ఇద్దరూ అదే హాల్లో, ఒకే సోఫా మీద ఉంటారు! మీ ఇళ్లలో కూడా ఉంటుంది ఈ ఉద్యోగం, జీతం లేనిది. అత్తయ్యగారు నలభై ఏళ్లు చేశారు. నాకు నెల తిరిగేసరికి సాయంత్రాలు తలనొప్పి మొదలైంది.

ఏప్రిల్ చివర్లో ఒక ఆదివారం ఎండ కాసింది. మావారు నాన్నగారిని ఆ కారులో అలా తిప్పుకొచ్చారు. తిరిగొచ్చాక మావయ్యగారు నా వైపు కాకుండా నేరుగా కొడుకు వైపు తిరిగి అన్నారు, "లోయర్ ఆర్మ్ బుష్‌లు పోయాయిరా. ఎన్నాళ్ల నుంచి తిప్పుతున్నావు ఇలా?" అని. మావారు "పాత కారు కదా నాన్నా" అన్నారు అలవాటుగా. "పాతది కాబట్టే" అన్నారు ఆయన. మూడు వారాల్లో వాళ్లిద్దరూ నేను లేకుండా మాట్లాడుకున్న మొదటి మాటలు అవి. నేను చప్పుడు చేయకుండా వంటింట్లోకి వెళ్లిపోయాను.

ఆ తర్వాత వారం రోజులు భోజనాల దగ్గర ఒకటే చర్చ, ఏ బుష్‌లు వేయాలని. నాకు అర్థమైనంత చెప్తాను. ఈ కారుకి మూడు రకాలు దొరుకుతాయి. మొదటిది మామూలు రబ్బరు, కారుతో పాటు వచ్చిన రకం. రెండు ముక్కలుగా ఉంటుంది, చేతి చివర ఉన్న కన్నంలోకి అటొకటీ ఇటొకటీ దూరుస్తారు. రెండోది 'వీ8 బుష్'. 1973 నుంచి 1976 దాకా ఇదే కారులో పెద్ద ఇంజను పెట్టి ఎంజీబీ జీటీ వీ8 అని 2,591 కార్లు చేశారట. దాని కోసం పెట్టిన గట్టి బుష్ మామూలు ఎంజీబీకి కూడా సరిగ్గా పడుతుంది. లోపల ఇనప గొట్టం, బయట ఇనప గొట్టం, మధ్యలో రెండింటికీ అతుక్కుపోయిన రబ్బరు. మావయ్యగారు బొమ్మ చూడగానే "సైలెంట్ బ్లాక్" అన్నారు. మన మెకానిక్‌లు దాన్ని అలాగే అంటారట. మూడోది పాలీయురేథేన్. గట్టిగా ఉంటుంది, నూనె తగిలినా చెడదు, చాలా కాలం మన్నుతుంది. కాకపోతే రోడ్డు మీద ఉన్న ప్రతి గులకరాయీ మనకి తెలుస్తుంది. దాని గ్రీజు ఎండిపోతే కిచకిచమంటుంది కూడా.

మావారికి పాలీ మీద మనసు. మూలలు తిరిగేటప్పుడు కారు పదునుగా ఉంటుందట. మావయ్యగారు అంతా విని, "నువ్వేమన్నా పందేలకి వెళ్తున్నావా? పక్క సీట్లో కూర్చునేది అమ్మాయి కదా. దాని నడుం సంగతి అడిగావా?" అన్నారు. నన్నెవరూ అడగలేదు కానీ ఆ మాటతో లెక్క తేలిపోయింది. వీ8 బుష్‌లు నాలుగు వచ్చాయి, పక్కకి రెండు చొప్పున.

మే నెలలో రెండు శని ఆదివారాలు పట్టింది పని. జాకీ ఎత్తి, స్టాండ్ల మీద నిలబెట్టి, చక్రం ఊడదీశారు. ఈ కారులో అన్నిటికంటే భయం కాయిల్ స్ప్రింగు. నొక్కి పెట్టి ఉంటుంది, ఒక్కసారిగా జారితే ఎముకలు విరుగుతాయి. ఆ చేతుల కింద జాకీ పెట్టి, కొంచెం కొంచెంగా దించుతూ వదులు చేయాలి. మావయ్యగారు మా అమ్మాయిని "నువ్వు గుమ్మం లోపల నిలబడి చూడు తల్లీ" అని పంపేశారు. తను మాత్రం ఒక పీట వేసుకుని కూర్చుని, జాకీ చేయి పట్టుకుని కొడుక్కి "ఊఁ... ఇంకొంచెం... ఆగు" అంటూ ఉన్నారు. స్ప్రింగు చేతిలోకి వచ్చేదాకా నేను కిటికీ దగ్గరే నిలబడిపోయాను. పొయ్యి మీద పప్పు అడుగంటింది. ఎవరూ ఏమీ అనలేదు.

పాత బుష్‌లు ఊడదీసి నాకు చూపించారు. బయట నుంచి చూస్తే పర్వాలేదనిపించింది. లోపల కన్నం గుండ్రంగా లేదు, ఒక పక్కకి సాగిపోయి కోడిగుడ్డులా అయింది. ఇంజను నుంచి కారిన నూనె తగిలి రబ్బరు ఉబ్బి, వేలితో నొక్కితే పొడిపొడిగా రాలింది. "చూశావా అమ్మాయ్, ఇది అరిచేదాకా రాదు. దీని బదులు ఇనుము అరుస్తుంది. మనం ఇనుము చెడిందనుకుంటాం" అన్నారు మావయ్యగారు. నా సాయంత్రపు తలనొప్పి గుర్తొచ్చింది నాకు.

కొత్తవి ఎక్కించడానికి బెంచ్ వైస్‌లో పెట్టి, ఒక పక్క పెద్ద సాకెట్, ఒక పక్క చిన్న సాకెట్ ఆనించి నొక్కారు. నూనె, గ్రీజు రాయకూడదట, రబ్బరు చెడుతుంది. నా దగ్గరికి వచ్చి గిన్నెలు కడిగే సబ్బు నీళ్లు పట్టుకెళ్లారు. నాకూ అందులో వాటా ఉంది మరి.

అన్నీ బిగించే వేళకి రెండో ఆదివారం సాయంత్రం అయింది. మావారు కింద పడుకుని పానాతో బోల్టు గట్టిగా తిప్పబోతుంటే మావయ్యగారు గబుక్కున అన్నారు, "ఆగరా. అక్కడ బిగించకు. చేత్తో తిప్పి వదిలెయ్. బరువు మీద బిగించాలి." మావారు కూడా "అవును నాన్నా, పుస్తకంలో అలాగే ఉంది" అని పానా కింద పెట్టేశారు.

నాకు అర్థం కాక అడిగాను. మావయ్యగారు ఓపిగ్గా చెప్పారు. ఈ బుష్‌లో జారే భాగం ఏదీ ఉండదు. బోల్టు బిగించగానే లోపలి గొట్టం కదలకుండా పట్టుబడిపోతుంది. ఆ తర్వాత చక్రం లేచినా దిగినా రబ్బరే మెలి తిరిగి మళ్లీ వెనక్కి రావాలి. కాబట్టి బిగించిన క్షణాన ఎలా ఉందో అదే దానికి స్థిమితమైన స్థితి. కారు జాకీ మీద ఉన్నప్పుడు చక్రాలు వేలాడుతుంటాయి, చేతులు కిందకి వాలి ఉంటాయి. అప్పుడు బిగించేశామనుకోండి, కారు నేల మీదకి దిగి బరువు పడగానే ఆ రబ్బరు మెలి తిరుగుతుంది. ఇంటి ముందు ఊరికే ఆగి ఉన్నా ఆ మెలితోనే ఉంటుంది. గుంట వస్తే ఇంకా తిరుగుతుంది. కొత్త బుష్ అయినా తొందరగా చిరిగిపోతుంది. అందుకని అన్నీ వదులుగా పెట్టి, చక్రాలు తగిలించి, బండిని దించి, రెండు మూడుసార్లు ముందు భాగాన్ని కిందకి నొక్కి వదిలి, బండి తన ఎత్తులో తను కూర్చున్నాక అప్పుడు బిగించాలి. "మా డిపోలో కొత్త కుర్రాళ్లు ఇక్కడే తప్పు చేసేవాళ్లు. పని అయిపోయిందనిపిస్తుంది కదా, తొందరగా బిగించేసి చేతులు కడుక్కుందామని" అన్నారు.

వాళ్లు అలాగే చేశారు. ముందు చక్రాల్ని ర్యాంపుల మీదకి ఎక్కించి, కింద దూరి, నట్లు బిగించి, స్ప్లిట్ పిన్నులు పెట్టారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పెద్దకర్మ నాటి వసారా కళ్ల ముందు కదిలింది. అప్పుడు మేమందరం గాల్లో ఉన్నాం. నేల మీద ఒక్కరి కాలూ లేదు. ఎవరి బరువు ఎంతో, ఎవరు ఎంత మోయగలరో ఎవరికీ తెలీదు. చేతులు కడుక్కుని విమానం ఎక్కాలన్న తొందరలో అన్నీ గట్టిగా బిగించేశారు. ఇప్పుడు బరువు పడింది. మా ఆడపడుచు ఇంట్లో వాళ్ల అత్తగారూ మామగారూ ఉన్నారు. మావయ్యగారు అక్కడ హాల్లో దివాను మీద పడుకునేవారట. ఇక్కడేమో చలి, పగలంతా నేనూ ఆయనా, గోడ గడియారం. పేపరు లేదు, పలకరించే మనిషి లేడు. ఎవరికీ ఎవరి మీదా కోపం లేదు. అయినా అందరం మెలి తిరిగే ఉన్నాం, ఊరికే కూర్చున్నప్పుడు కూడా.

మర్నాడు మావారు ఆఫీసుకి వెళ్లలేదు, సెలవు పెట్టారు. టిఫిన్ దగ్గర ఆయన ఎదురుగానే అడిగాను. "మావయ్యగారూ, అందరూ ఏమనుకుంటారో వదిలేయండి. మీకు ఎలా ఉండాలని ఉంది?" అని.

ఆయన ఇడ్లీ తుంచుతూ చాలాసేపు ఊరుకున్నారు. తర్వాత కొడుకు వైపు చూసి, "ఇల్లు అద్దెకివ్వద్దురా" అన్నారు. అక్కడి నుంచి ఒక్కొక్కటే వచ్చాయి. పొద్దున్నే ఐదింటికి తన టీ తను పెట్టుకోవడం. సాయంత్రం పార్కు దగ్గర పాత ఆర్టీసీ వాళ్లతో కూర్చోవడం. మీ అమ్మ పెంచిన కరివేపాకు చెట్టు. "పెట్టె సర్దుకుంటూ విప్పుకుంటూ తిరగడం నా వల్ల కాదు. మిమ్మల్ని చూడాలని ఉంటుంది. కానీ ఉండటం అక్కడే ఉంటాను." మావారి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఆ రోజే చెప్పొచ్చు కదా నాన్నా" అన్నారు. "ఆ రోజు నాకే తెలీదురా" అన్నారు ఆయన.

ఆ సాయంత్రం ఆడపడుచుకి ఫోన్ చేశాం. ఈసారి ఎవరు ఏం చేయాలి అని కాకుండా, ఎవరు నిజంగా ఎంత చేయగలరు అని మాట్లాడుకున్నాం. తను నెలకొకసారి శని ఆదివారాలు తెనాలి వెళ్లగలనంది. వంటమనిషి జీతం, మందులు మేం చూసుకుంటామన్నాం. పై వాటా అద్దెకిచ్చి, కింద వాటాలో మావయ్యగారు ఉంటే రాత్రిపూట పైన మనుషులుంటారు. ప్రతి ఏడూ మే నుంచి మూడు నెలలు మా దగ్గర. నేను కూడా ఒకటి చెప్పాను. తండ్రీ కొడుకుల మధ్య కబుర్లు ఇక నేను మోయను, మీరే ఫోన్ చేసుకోండి అని. ఇద్దరూ నవ్వారు కానీ నేను నవ్వుతూ చెప్పలేదు. ఆ సంగతి వాళ్లకీ అర్థమైంది.

సెప్టెంబరులో మావయ్యగారు వెళ్లిపోయారు. అంతా సుఖంగా సాగిపోతోందని చెప్పను. వంటమనిషి ఒకసారి మానేసింది. నవంబరులో ఆయనకి జ్వరం వస్తే, అత్తయ్యగారి జ్వరం గుర్తొచ్చి మావారు రెండు రాత్రులు నిద్రపోలేదు. పై వాటా కుర్రాడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. మా ఆడపడుచు పక్క రోజుకి అక్కడుంది. దూరం దూరమే. కానీ ఆయన గొంతులో తల ఊపే మనిషి లేడిప్పుడు. మొన్న వంటమనిషి సాంబారు మీద పది నిమిషాలు ఫిర్యాదు చేశారు. నాకెంత ఆనందమేసిందో!

మీ ఇళ్లలో కూడా ఇలాంటి రోజులొస్తాయి. దుఃఖంలో ఉన్నప్పుడు చుట్టాలందరూ ఉన్నారు కదా అని అన్నీ తేల్చేయమంటారు. చేయాల్సినవి చేయండి, కానీ చేత్తో తిప్పి వదిలేయండి. రెండు మూడు నెలలు గడిచి, ఎవరి బరువు ఎక్కడ పడుతోందో తెలిశాక, అసలు మనిషిని అడిగి అప్పుడు గట్టిగా బిగించుకోవచ్చు.

కారు సంగతి అంటారా? టక్ మన్న చప్పుడు పోయింది. చక్రాల అలైన్‌మెంట్ చేయించారు. తిన్నటి రోడ్డు మీద తిన్నగా పోతోంది. బిగించిన నట్లు కొన్ని వందల మైళ్లు తిరిగాక మళ్లీ ఒకసారి చూసుకోవాలని మావయ్యగారు వెళ్లే ముందు చెప్పారు. పోయిన ఆదివారం మావారు కారు కింద పడుకుని, ఫోను పక్కన పెట్టుకుని, వీడియోలో ఆయనకి చూపిస్తూ ఒక్కో నట్టూ చూశారు. అరగంట పైగా ఏదేదో మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.